పాలిమర్ క్లే కమ్మల మీద డిజైన్లు వేయడం ఎలా నేర్చుకోవాలి?

కడపలో ఉంటూ ఇంట్లోనే పాలిమర్ క్లేతో (ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడే ప్లాస్టిక్ మట్టి) కమ్మలు చేస్తున్నానని, పైన డిజైన్లు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు.

ముందే అచ్చులు కొనకండి. బీరువాలో పాత ధర్మవరం చీర ఉంటే చాలు. క్లేను 3 మిల్లీమీటర్ల మందాన ఒత్తి, కాస్త కార్న్‌ఫ్లోర్ చల్లి, జరీ అంచు పరిచి అప్పడాల కర్రతో ఒక్కసారే గట్టిగా దొర్లించండి. రెండోసారి దొర్లిస్తే గీతలు చెదిరిపోతాయి. కాల్చి చల్లారాక బ్రౌన్ అక్రిలిక్ రంగు పూసి, వెంటనే తడిగుడ్డతో తుడిచేయండి. గుంటల్లో రంగు నిలిచి అంచులోని అల్లిక పైకి తేలుతుంది. నన్నడిగితే, నెల రోజులు ఇదొక్కటే చేసినా నష్టం లేదు.

తర్వాత మెటల్ రేకు, అంటే బంగారు రంగులోనో వెండి రంగులోనో ఉండే పలుచటి రేకు. పచ్చి క్లే మీద రేకు అంటించి మళ్లీ ఒత్తితే క్లే సాగుతుంది, రేకు సాగదు. ఎండిన చెరువులా నెర్రెలిస్తుంది. మెరుపునిచ్చే మైకా పొడిని కూడా కాల్చకముందే వేలితో రుద్దాలి. మాస్క్ పెట్టుకోండి.

ఇక మన ఎండ సంగతి! మే నెలలో క్లే జిగటగా మారి ఒత్తిన డిజైన్ చేతికే వచ్చేస్తుంది. టెన్షన్ పడకుండా పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి, ఆ తర్వాత కత్తిరించండి.

కాల్చే వేడి ప్యాకెట్ మీద ఉంటుంది, చాలావాటికి 110 నుంచి 130 డిగ్రీల సెల్సియస్. ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) డయల్‌ను మాత్రం నమ్మకండి, లోపల విడిగా థర్మామీటర్ పెట్టండి. ఈ క్లే పీవీసీ ప్లాస్టిక్, మాడితే వచ్చే పొగ మంచిది కాదు.