ఎలక్ట్రాన్ పోతే ‘ధనం’ ఎలా అవుతుంది?

సందేహం: మాది చెన్నై, పెరంబూరు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి ఇంట్లో రసాయనశాస్త్రం తెలుగులో చెబుతుంటాను. సోడియం ఎలక్ట్రాన్‌ను కోల్పోతే ధన అయాన్, అంటే ధన విద్యుదావేశమున్న కణం, అవుతుందన్నాను. “పోగొట్టుకున్నవాడికి ధనం ఎక్కణ్ణుంచి వస్తుంది నాన్నా?” అంది. ఈ మాట తప్పా? మెగ్నీషియం క్లోరైడ్ ‘అణువు’ అనవచ్చా?

సమాధానం: మాట తప్పు కాదు. పోయినదేమిటో చూడండి. ఎలక్ట్రాన్ స్వయంగా ఋణం. అప్పు వదిలితే మిగిలేది ధనమే కదా! సంఖ్యలకు ఈ ధన, ఋణ పదాలను బ్రహ్మగుప్తుడు 628లోనే బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో వాడాడు. సున్నాలోంచి ఋణాన్ని తీసేస్తే ధనం వస్తుందని సూత్రం కూడా చెప్పాడు. సోడియం పరమాణువులో ధనమైన ప్రోటాన్లు 11, ఋణమైన ఎలక్ట్రాన్లు 11, లెక్క సున్నా. ఒక ఎలక్ట్రాన్ పోతే 11 ధనాలు, 10 ఋణాలు. మిగులు ఒక ధనం. అచ్చంగా ఆ సూత్రమే. మీ అమ్మాయికి జమాఖర్చు పుస్తకంలా రాసి చూపండి, ఇక మరచిపోదు.

పిల్లలు ఎక్కువగా తడబడేది మరోచోట. వేలన్సీ ఎలక్ట్రాన్లు, సంయోజకత, ఆవేశం అనే మూడింటినీ ఒకటే అనుకుంటారు. ఆక్సిజన్ ఎలక్ట్రాన్ విన్యాసం, అంటే కర్పరాల (కేంద్రకం చుట్టూ ఉండే పొరల) వారీగా ఎలక్ట్రాన్ల అమరిక, 2, 6. చివరి కర్పరంలో ఉన్న 6 వేలన్సీ ఎలక్ట్రాన్లు. ఎనిమిది నిండడానికి కావలసిన 2 సంయోజకత. దీనికి గుర్తు ఉండదు. ఆ రెండూ చేరాక వచ్చే రెండు ఋణాలు ఆవేశం; దీనికి గుర్తు తప్పనిసరి. చివర 1, 2, 3 ఉన్న లోహాలు వాటిని వదిలేసి అన్నే ధనాలు పొందుతాయి. 5, 6, 7 ఉన్న అలోహాలు ఎనిమిదికి ఎంత తక్కువో అన్ని ఋణాలు పొందుతాయి. ఇనుము, రాగి వంటివాటికి ఈ లెక్క చాలదు. ఇనుముకు రెండు ధనాలూ ఉంటాయి, మూడూ ఉంటాయి. అందుకే ఫెర్రస్, ఫెర్రిక్ అని వేరువేరు పేర్లు.

ఫార్ములాకు క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) పద్ధతి మేలు. అల్యూమినియం 2, 8, 3, మూడు ధనాలు. ఆక్సిజన్‌కు రెండు ఋణాలు. 3, 2ల క.సా.గు. 6. ఆరు ధనాలకు రెండు అల్యూమినియంలు, ఆరు ఋణాలకు మూడు ఆక్సిజన్లు. చాలామంది ఒకదాని అంకెను మరొకదాని కింద, అడ్డంగా మార్చి రాసేస్తారు. అల్యూమినియం ఆక్సైడ్‌కు అది కుదురుతుంది గాని, మెగ్నీషియం ఆక్సైడ్‌కు రెండు, రెండు అని వచ్చి దెబ్బతింటుంది, అక్కడ క.సా.గు. 2 కాబట్టి ఒకటికి ఒకటే. మీరడిగిన మెగ్నీషియం క్లోరైడ్‌లో రెండు ధనాలకు రెండు క్లోరైడ్లు: ఎంజీసీఎల్2.

దాన్ని ‘అణువు’ అనకండి. అణువంటే కొన్ని పరమాణువులు కలిసి ఏర్పడే విడి కణం. వంటింటి ఉప్పు స్ఫటికంలో ఒక్కో సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు ఉంటాయి. ఇందులో ఏ జంటను విడదీసి అణువంటారు? మెగ్నీషియం క్లోరైడ్ స్ఫటికంలోనూ విడి అణువులుండవు. ఫార్ములా యూనిట్, అంటే అయాన్ల నిష్పత్తిని చూపే అతి చిన్న జట్టు, అనడమే సరి. చెన్నైలో ఇంకో చిక్కుంది. తమిళంలో ‘అణు’ అంటే మన పరమాణువు. మన అణువును వాళ్లు ‘మూలక్కూఱు’ అంటారు. అది వినగానే మనకు మూలకం గుర్తొస్తుంది, కానీ వాళ్ల మూలకం ‘తనిమం’. బళ్లో తమిళ మాటలు చెవిన పడే పిల్లకు ఈ మూడింటినీ పక్కపక్కన రాసివ్వండి.

రాతలో ఒక మాట. ధన, ఆవేశం రెండూ సంస్కృత పదాలే కాబట్టి సవర్ణదీర్ఘసంధి జరిగి ధనావేశం అవుతుంది. అయాన్ పరాయి మాట. ‘ధనాయాన్’ అని కలపక, ధన అయాన్ అని విడిగానే రాయండి.