ఫియట్ ఇంజను విప్పే ముందు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పాత కార్ల గురించి ప్రశ్నలు పంపమని పోయిన సంచికలో అడిగాం. ఎక్కువ ఉత్తరాలు ప్రీమియర్ పద్మిని గురించే వచ్చాయి. ఆర్‌సీ బుక్కులో పేరు ఏదున్నా జనం నోట్లో అది ఫియటే కాబట్టి నేనూ అలాగే అంటాను. విజయవాడ ఆటోనగర్‌లో నేను పని నేర్చుకున్నది ఈ ఇంజను మీదే. అందుకని ఈసారి జవాబులన్నీ దానికే.

*మా నాన్నగారి 1982 పద్మిని బయటికి తీశాం. ఇంజను కొలతలు ఒక్కో మెకానిక్ ఒక్కోలా చెబుతున్నాడు. అసలు లెక్కలేమిటి? – ఒక పాఠకుడు, తెనాలి*

నాలుగు సిలిండర్లు, 1089 సీసీ. బోరు (సిలిండరు లోపలి వెడల్పు) 68 మి.మీ., స్ట్రోకు (పిస్టను పైకీ కిందికీ కదిలే దూరం) 75 మి.మీ. బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. క్రాంకుకు మెయిన్ బేరింగులు మూడే. క్యామ్‌షాఫ్టు బ్లాకులోనే ఉంటుంది, చైను తిప్పుతుంది, పుష్‌రాడ్లు పైనున్న వాల్వుల్ని నడుపుతాయి. ఫైరింగ్ ఆర్డరు (సిలిండర్లు మండే వరుస) 1-3-4-2, ఒకటో సిలిండరు రేడియేటర్ వైపుది. పాయింట్ల (డిస్ట్రిబ్యూటరులో తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ పుట్టించే కాంటాక్టులు) గ్యాపు 0.45 మి.మీ. దరిదాపుల్లో, ప్లగ్గుల గ్యాపు 0.6 మి.మీ. పెట్టుకోండి.

ఈ బోరు, స్ట్రోకు మన దగ్గర పుట్టినవి కావు. ఇటలీలో ఫియట్ కంపెనీ 1937లో బాలిల్లా 1100కి పెట్టిన కొలతలే ఇవి. 1953లో కొత్త బాడీతో 1100 వచ్చినప్పుడు ఆ ఇంజను 36 హార్స్‌పవర్ ఇచ్చేది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు చేసిన మన బండి 40 పైచిలుకు ఇచ్చింది. డిలైట్, ప్రెసిడెంట్, పద్మిని అని పేర్లు మారినా లోపల గుండె అదే.

బోరు కన్నా స్ట్రోకు పెద్దది కాబట్టి తక్కువ స్పీడులో బాగా లాగుతుంది. బేరింగులు మూడే కాబట్టి ఎక్కువ సేపు గట్టిగా తిప్పడం దానికి పడదు. హైవే మీద 60–70లో పోనివ్వండి, ఏళ్ల తరబడి ఏమీ కాదు. అలాగని టాప్ గేరులో గుంజుకుంటూ వంతెనలు ఎక్కించకండి. బేరింగులకు అది కూడా అంతే చేటు.

*మధ్యాహ్నం ట్రాఫిక్‌లో బండి టక్కున ఆగిపోతుంది. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే స్టార్టవుతుంది. పంపు కొత్తది వేశాం, కార్బురేటరు సర్వీసు చేయించాం, ఫలితం లేదు. ఇంజను దింపాలంటున్నారు. – ఒక పాఠకుడు, నంద్యాల*

దింపనివ్వకండి. ఈ జబ్బుకు ఇంజను విప్పాల్సిన పనే లేదు.

తడిగుడ్డ వైద్యం ఫియట్, అంబాసిడర్ నడిపినవాళ్లందరికీ తెలుసు. పంపు బ్లాకుకు ఆనుకుని ఉంటుంది. ఆ వేడికి లోపలి పెట్రోలు ఆవిరైతే పంపు ఆవిరినే నెడుతుంది, కార్బురేటరుకు చుక్క కూడా చేరదు. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. గుడ్డ వేసి మీరు పది నిమిషాలు ఆగారు కదా, ఆ పది నిమిషాల్లో డిస్ట్రిబ్యూటరు దగ్గర పాయింట్లు మాడకుండా కాపాడే కండెన్సరూ చల్లబడింది, ఇగ్నిషన్ కాయిలూ చల్లబడింది. బండిని లేపింది గుడ్డా, ఆగిన సమయమా? ఇది తేలనంత కాలం మీరు సామాను కొంటూనే ఉంటారు.

ఈసారి ఆగిన వెంటనే, గుడ్డ వేయక ముందే, స్పార్క్ చూడండి. చుట్టుపక్కల పెట్రోలు కారడం లేదని మొదట నిర్ధారించుకోండి. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటరుకు వచ్చే లావు వైరు ఊడదీసి, రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో పట్టుకుని, బ్లాకుకు ఐదారు మిల్లీమీటర్ల దూరంలో ఉంచి, పక్కవాళ్లని సెల్ఫ్ కొట్టమనండి. నీలంగా, టప్ టప్‌మని గట్టిగా దూకితే ఇగ్నిషన్ మంచిదే, తప్పు పెట్రోలు వైపుంది. పసుపుగా, సన్నగా, ఒకసారి వచ్చి ఒకసారి రాకుండా ఉంటే కండెన్సరో కాయిలో వేడికి పడిపోతోంది. అప్పుడు డిస్ట్రిబ్యూటరు మూత తీసి పాయింట్లు చూడండి. మొహాలు నల్లగా మాడి, ఒకవైపు గుంట, ఎదురు వైపు మొటిమ కనబడితే కండెన్సరు మీదే నా అనుమానం. పైసల్లో అయిపోయే సామాను. దాని కోసం ఇంజను దింపించుకున్నవాళ్లని నేను చూశాను, చాలా బాధేస్తుంది.

స్పార్క్ బాగుండి బండి లేవకపోతే పంపుకూ బ్లాకుకూ మధ్య ఉండే మందపాటి ఫైబరు ముక్క ఉందో లేదో చూడండి. కొత్త పంపు వేసేటప్పుడు దాన్ని పారేసి ఉత్త ప్యాకింగుతో బిగించేవాళ్లున్నారు. అది వేడిని అడ్డుకుంటుంది, పంపును నడిపే రాడ్డు ఎంత తొయ్యాలో కూడా దాని మందాన్నిబట్టే ఉంటుంది. చేతికొచ్చిన మందంలో వేయకూడదు.

ఇక ఇప్పటి పెట్రోలు. అందులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, తేమను లాక్కుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. ట్యాంకు నుంచి కార్బురేటరు దాకా ఉన్న రబ్బరు పైపులన్నీ మార్చండి. పైపు మీద ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని ముద్ర ఉన్నవి అడిగి కొనండి. పంపు డయాఫ్రమ్ కూడా ఇథనాల్‌ను తట్టుకునేదే కావాలి. బండి నెలల తరబడి షెడ్డులోనే ఉంటే కార్బురేటరులో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె ఖాళీ చేసి పెట్టండి, లేకపోతే తెల్లటి పొడి కట్టి జెట్లు మూసుకుపోతాయి.

*ఎక్కడా లీకు లేదు, రేడియేటరులో నీళ్లు మాత్రం తగ్గుతున్నాయి. మెకానిక్ థర్మోస్టాట్ తీసేశాడు, అయినా వేడెక్కుతోంది. – ఒక పాఠకుడు, హైదరాబాద్*

ముందు ఆ థర్మోస్టాట్ వెనక్కి పెట్టించండి. ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటరుకు పోనివ్వకుండా ఆపేది అదే. అది లేకపోతే ఇంజను ఎప్పటికీ సరైన వేడికి రాదు, ఆయిల్ బురద కడుతుంది, బోర్లు తొందరగా అరుగుతాయి. పాడైందనిపిస్తే వేడినీళ్లలో వేసి తెరుచుకుంటుందో లేదో చూడొచ్చు, రెండు నిమిషాల పని.

లీకు కనబడకుండా నీళ్లు పోతున్నాయంటే నా అనుమానం హెడ్ గ్యాస్కెట్ మీద. చల్లటి ఇంజను మీద రేడియేటరు మూత తీసి స్టార్ట్ చేయండి. బుడగలు ఆగకుండా వస్తుంటే కంప్రెషను నీళ్లలోకి పోతోంది. తర్వాత నాలుగు ప్లగ్గులూ తీసి కంప్రెషన్ గేజ్ పెట్టించండి. రెండు, మూడు సిలిండర్లు రెండూ పడిపోయి, ఒకటి, నాలుగు బాగుంటే గ్యాస్కెట్ రెండో, మూడో సిలిండర్ల మధ్య పోయినట్టే. ఇది ఫియట్‌లో నేను చాలాసార్లు చూసిన కేసు.

గ్యాస్కెట్ మార్చి ఊరుకుంటే మళ్లీ పోతుంది. హెడ్డు అల్యూమినియం కాబట్టి ఒక్కసారి బాగా వేడెక్కినా వంగుతుంది. హెడ్డు మొహం మీద స్టీలు స్కేలు నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి కింద 0.05 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి చూడమనండి. దూరితే ఫేసింగ్ (మొహం చదును) చేయించాల్సిందే, కానీ తీయాల్సినంతే తీయించండి. బోల్టులు చల్లటి ఇంజను మీద, మధ్య నుంచి అంచులకు, విడతలుగా, టార్క్ రెంచితోనే బిగించాలి.

నీళ్ల దారుల చుట్టూ అల్యూమినియం చీమలు కొరికినట్టు గుంటలు పడి ఉంటే అది బోరుబావి నీళ్ల పని. మన దగ్గర చాలాచోట్ల భూగర్భ జలంలో ఉప్పు, సున్నం ఎక్కువ. డిస్టిల్డ్ వాటరు, అల్యూమినియంకు సరిపడే కూలెంటు పోయండి. రోజూ పైపు నీళ్లతో నింపే అలవాటు ఈ రోజే మానండి.

*ఇటలీ నుంచి 1100డి గ్యాస్కెట్ సెట్టు తెప్పించి నాన్నగారి డిలైట్‌కి పంపాను. బోరు రంధ్రాలు పెద్దగా ఉన్నాయంటున్నారు. నకిలీదా? – ఒక పాఠకురాలు, డల్లాస్*

నకిలీ కాదమ్మా. ఇటలీలో 1100డి 1221 సీసీ ఇంజనుతో వచ్చింది, దాని బోరు 72 మి.మీ. మన దగ్గర చేసినవాటికి 1089 సీసీనే ఉంచారు. 68 మి.మీ. బోరు మీద ఆ గ్యాస్కెట్ వేస్తే చుట్టూ రెండేసి మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది, అందులో బొగ్గు చేరుతుంది, కంప్రెషనూ తగ్గుతుంది. వేయించకండి. విదేశాల నుంచి ఏది తెప్పించినా బండి పేరు చెప్పొద్దు, బోరు, స్ట్రోకు చెప్పి అడగండి.

*పొగ వస్తోంది. ఇంజను మార్చేసి ప్రీమియర్ 118ఎన్‌ఈ కారులోని నిస్సాన్ ఇంజను వేసుకోమంటున్నారు. – ఒక పాఠకుడు, కాకినాడ*

పొగ ఎప్పుడు వస్తోందో రాయలేదు మీరు. సిగ్నల్ దగ్గర కాసేపు ఆగి, కదిలినప్పుడు ఒక్కసారి నీలం పొగ వచ్చి పోతే వాల్వు గైడ్లు అరిగాయి, హెడ్డు పనితో సరిపోతుంది. బరువు మీద లాగుతున్నంతసేపూ వస్తుంటే రింగులు చూడాలి. కంప్రెషను తక్కువున్న సిలిండరులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ గేజ్ పెట్టండి. ముల్లు పైకి లేస్తే రింగులు, బోరు. లేవకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్. బోరు అరిగినా ఓవర్‌సైజ్ పిస్టన్లకు బోరింగ్ చేయించొచ్చు, అదీ దాటితే స్లీవ్ (సిలిండరు లోపల కొత్త గొట్టం) వేయించొచ్చు.

నిస్సాన్ ఇంజను మంచిదే, కాదనను. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజను మార్పుకు ఆర్‌టీఓ అనుమతి కావాలి, ఆర్‌సీలో నంబరు మారాలి. ఆ పైన అది మీ ఇంటి బండి కాకుండా పోతుంది. నన్నడిగితే వద్దంటాను.

*సీసం లేని పెట్రోలుతో పాత ఇంజన్లు పాడవుతాయంటారు, నిజమేనా? – ఒక పాఠకుడు, వరంగల్*

దేశమంతా సీసం పెట్రోలు 2000లోనే ఆగిపోయింది. నెమ్మదిగా నడిచే బండికి పెద్ద ప్రమాదమేమీ రాలేదు. గట్టిగా, ఎక్కువ దూరాలు నడిపితే మాత్రం ఎగ్జాస్ట్ వాల్వు కొద్దికొద్దిగా సీటులోకి దిగిపోతుంది. అప్పుడు టాపెట్ గ్యాపు (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) తనంతట తానే తగ్గుతుంది, చప్పుడు కూడా తగ్గుతుంది. ఇంజను నెమ్మదించిందని అందరూ సంతోషిస్తారు, లోపల వాల్వు పూర్తిగా మూసుకోక అంచు కాలిపోతుంటుంది. టాపెట్లు కాస్త టిక్ టిక్‌మంటే కంగారు పడకండి. సర్వీసు చేయించిన ప్రతిసారీ నాలుగు ఎగ్జాస్ట్ గ్యాపులూ కొలిపించి, సరిచేయక ముందు ఎంతున్నాయో ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టండి. ఒకే వాల్వు పదే పదే బిగుస్తుంటే హెడ్డు తీయించి, ఆ సీటు ఒక్కటీ మార్పించండి.