జిగురు కాదమ్మా, పట్టూ విడుపూ

పెద వాల్తేరు,
విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. కణాల్ని పట్టి ఉంచే ప్రోటీన్ల గురించి, వాటివల్ల క్యాన్సర్ కణం రూపమూ నడకా ఎలా మారతాయన్నదాని గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు పెద్ద సంతోషం. భాష బాగుంది. కానీ మూడో పేరాలో ‘కణాల మధ్య జిగురు తగ్గిపోవడమే క్యాన్సర్ పాకడానికి కారణం’ అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. చాలా ఏళ్ల క్రితం నేనూ అచ్చంగా అదే మాట రాశాను.

అది అచ్చయిన పది రోజులకి గాజువాక నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. వాళ్లక్కకి రొమ్ము క్యాన్సర్. ‘జిగురు పెరగాలంటే బెండకాయలు పెడితే సరిపోద్దా మాష్టారూ, తుమ్మబంక కూడా నానబెట్టి ఇమ్మంటారా?’ అని అడిగింది. అప్పటికి వారం రోజులుగా ఆ ఇంట్లో బెండకాయ కూరేనట. తప్పు ఆవిడది కాదు. జిగురంటే ఏమిటో ఆవిడకి బాగా తెలుసు. తెలియకుండా వాడింది నేను. ఆ రోజు నుంచి ఏ మాట రాసినా, ఇది ఎవరి వంటింట్లోకి వెళ్తుందో అని ఒక్క క్షణం ఆలోచిస్తాను. నువ్వూ ఆలోచించు.

ఆ ప్రోటీన్లు చేసేది అతికించడం కాదమ్మా, పట్టుకోవడం. పట్టుకుంటాయి, వదులుతాయి, మళ్లీ పట్టుకుంటాయి. పట్టువిడుపులు అనే చక్కని మాట మనకి ఉండగా జిగురెందుకు?

పెద జాలరిపేట ఒడ్డున ఇప్పుడన్నీ ఫైబర్ బోట్లే గానీ, నా చిన్నప్పుడు తెప్పలు ఉండేవి. దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగించి వేటకి వెళ్లేవారు. తిరిగొచ్చాక ముళ్లు విప్పి, దుంగలు విడదీసి ఇసకలో ఆరబెట్టేవారు. పక్కపక్క కణాల్ని పట్టి ఉంచే ఇ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్ గురించి చెప్పాల్సి వస్తే నేను ఆ తాడు దగ్గర మొదలుపెడతాను. కానీ అక్కడే ఆగను. తాడు దుంగకి బయటిది. క్యాడ్‌హెరిన్ అలా కాదు. ఒక కణం తన పొరలోంచి చెయ్యి చాపితే పక్క కణం తన చెయ్యి కలుపుతుంది. ఆ చేతి రెండో కొస కణం లోపల చట్రంలా ఉండే ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులకి తగులుకుని ఉంటుంది. అందుకే బయట లాగితే లోపల తెలుస్తుంది. తాడు పోలిక ఎక్కడిదాకా సాగుతుందో అక్కడిదాకా వాడుకుని, తర్వాత మొహమాటం లేకుండా వదిలెయ్.

క్యాడ్‌హెరిన్‌ని కనిపెట్టిన టకేచి కథని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు, నాకు మనసొప్పలేదు. మసతోషి టకేచి 1970లలో క్యోటో నుంచి అమెరికాలోని కార్నెగీ సంస్థకి వెళ్లాడు. ఇంటి దగ్గర చక్కగా ఒకదాన్నొకటి పట్టుకున్న కణాలు అక్కడ పట్టుకోవడం మానేశాయి. ఎందుకా అని వెతికితే, కణాల్ని విడదీయడానికి అక్కడ వాడే ట్రిప్సిన్ (ప్రోటీన్లని తెంపే ఎంజైము) ద్రావణంలో ఇ.డి.టి.ఎ. అనే రసాయనం కలిపి ఉంది. అది కాల్షియాన్ని లాగేసుకుంటుంది. కాల్షియం లేకపోతే ఆ చెయ్యి గట్టిగా నిలవదు, ట్రిప్సిన్ దాన్ని తినేస్తుంది. క్యాడ్‌హెరిన్ పేరులో ‘క్యా’ ఆ కాల్షియందే. పాఠకుడికి కావలసింది ఇలాంటి చోటే కదా! పని చెడిపోయిన రోజున ఒక మనిషి ఎలా ఆలోచించాడో చూపిస్తే, ప్రోటీన్ పేరు దానంతటదే గుర్తుండిపోతుంది.

ఇంకొకటి. నువ్వు చూడకుండా రాశావు. రూపం గురించి రాసేవాళ్లు కళ్లతో చూడాలి. కణజాలాన్ని పరీక్షించే పాథాలజిస్టు మిత్రుడొకరు ఓసారి నాకు మైక్రోస్కోప్‌లో రెండు స్లైడ్లు చూపించారు. మొదటిది మామూలు రొమ్ము కణజాలం. ఇ-క్యాడ్‌హెరిన్ ఉన్న చోట గోధుమ రంగు తేలేలా రంగద్దారు. గుండ్రటి ఖాళీ చుట్టూ కణాలు ఒద్దికగా కూర్చుని ఉన్నాయి, ప్రతి రెండింటి మధ్యా సన్నటి గోధుమ గీత. రెండోది రొమ్ము క్యాన్సర్‌లోనే లోబ్యులర్ అనే రకం. ఆ గీతల్లేవు. కణాలు ఒకదాని వెనక ఒకటి, పీచు పోగుల సందుల్లోంచి చీమల బారులా వెళ్తున్నాయి. గడ్డలా పోగుపడవు కాబట్టే ఈ రకం చాలాసార్లు చేతికీ మామోగ్రామ్‌కీ దొరక్కుండా పోతుందని ఆయన చెప్పారు. నేను చాలాసేపు తల ఎత్తలేకపోయాను. గాజువాక అక్కగారిది ఆ రకమే.

ఇక నడక. ఇక్కడ పని ఇంటెగ్రిన్లది. పక్క కణాన్ని పట్టేది క్యాడ్‌హెరిన్ అయితే, కింద ఉన్న కొలాజెన్, ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్ పోగుల్ని పట్టేది ఇంటెగ్రిన్. మనుషుల్లో ఇవి 24 రకాలు. దీనికి నీ వ్యాసంలో ‘కాళ్లు’ అన్నావు. కాళ్లు కావు, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి చూడు. మోకు చెట్టుకి బిగిసి ఉండాలి, లేకపోతే జారిపోతాడు. పైకి జరపడానికి సడలాలి, లేకపోతే ఉన్నచోటే ఉండిపోతాడు. కణమూ అంతే. ముందు అంచు పల్చటి రేకులా సాగుతుంది. అక్కడ ఇంటెగ్రిన్లు కొత్త పట్టు దొరకబుచ్చుకుంటాయి. లోపల మయోసిన్ అనే ప్రోటీన్ లాగుతుంది. వెనక పట్టు వదులుతుంది, వదలని చోట కణం తన పొరలో చిన్న ముక్కని అక్కడే విడిచి ముందుకెళ్తుంది. పట్టు మరీ గట్టిదైనా, మరీ వదులైనా నడక మందగిస్తుంది, నడిమి రకంగా ఉన్నప్పుడే వేగం. అదీ గంటకి కొన్ని పదుల మైక్రోమీటర్లే. తలవెంట్రుక మందమంత దూరం పోవడానికి గంటలు పడుతుంది. రూపం కూడా ఈ పట్టుని బట్టే. గట్టి నేల మీద బాగా పట్టు దొరికితే కణం అట్టులా పరుచుకుంటుంది, దొరక్కపోతే చేమాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలుస్తుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ‘కారణం’ అనే మాట నీ వ్యాసంలో తొమ్మిది చోట్ల ఉంది, దాదాపు అన్నీ కొట్టేశాను. ఇ-క్యాడ్‌హెరిన్ పోతే ప్రమాదమన్నది నిజం. న్యూజిలాండ్‌లో ఒక మావోరీ కుటుంబం, తమవాళ్లు చిన్న వయసులోనే కడుపు క్యాన్సర్‌తో పోతున్నారని తామే పరిశోధకుల దగ్గరికి వెళ్లింది. ఆ ప్రోటీన్ జన్యువులోనే లోపం ఉందని 1998లో తేలింది. అయితే 2019లో ఎలుకల మీద, డక్టల్ అనే, ఎక్కువగా కనిపించే రకం రొమ్ము క్యాన్సర్ నమూనాల్లో చూస్తే, ఆ ప్రోటీన్ తీసేసిన కణాలు చుట్టుపక్కలకి ఎక్కువగా చొచ్చుకుపోయాయి గానీ, దూరాన కొత్త గడ్డలు పెట్టేదాకా బతకలేకపోయాయి. రెండూ నిజమే. రెండూ రాయాలి. అలాగే ఇంటెగ్రిన్ పట్టు విడగొడితే క్యాన్సర్ ఆగిపోతుందనీ రాయకు. పట్టు తగ్గినప్పుడు కొన్ని కణాలు గుండ్రంగా మారి, అమీబాలా ఒళ్లు నొక్కుకుంటూ సందుల్లోంచి జారిపోతాయి. సిలెంజిటైడ్ అనే ఇంటెగ్రిన్ నిరోధక మందు మీద ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌లో అది రోగుల ఆయుష్షు పెంచలేదని 2014లో ప్రకటించిన పెద్ద పరీక్ష చెప్పింది. ఇది రాయడానికి చెయ్యి రాదు, నాకు తెలుసు. అయినా రాయి. మన వ్యాసం చదివేవాళ్లలో కేజీహెచ్ వరండాలోనో, అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రి బెంచీ మీదో రిపోర్టు పట్టుకుని కూర్చున్నవాళ్లు ఉంటారు. వాళ్లకి లేని ఆశ ఇవ్వకూడదు, ఉన్న ఆశ తీసెయ్యకూడదు.

‘క్యాన్సర్ కణం కుట్ర పన్నింది’, ‘రాక్షసి’, ‘శత్రువు’ ఇవన్నీ తీసెయ్. అది ఆ మనిషి కణమే. ఇంటెగ్రిన్‌కి సంస్కృతంలో పేరు పెట్టే ప్రయత్నమూ వద్దు, ఇంటెగ్రిన్ అనే ఉంచు. డాక్టరు నోటి వెంట విన్నప్పుడు గుర్తుపట్టాలి కదా.

వచ్చే ఆదివారం పొద్దున్నే రా. స్లైడ్లు చూపించమని మిత్రుణ్ణి అడిగి ఉంచాను. నోట్‌బుక్కులో ముందు బొమ్మ గీసుకో, ఆ తర్వాతే వాక్యం. తిరగరాసిన వ్యాసం పూర్తయ్యాక నాకు చూపించే ముందు గాజువాకలో అప్పుడు ఫోన్ చేసినావిడ దగ్గరికి వెళ్దాం. వాళ్లక్క ఇప్పుడు లేరు. ఆవిడ మాత్రం నా రాతలు ఇప్పటికీ అచ్చుకి ముందే విని, అర్థం కాని చోట ఆపుతుంది. నీది కూడా ఆవిడకి చదివి వినిపించు.

ఆశీస్సులతో,
మీ మాష్టారు