రీఫండ్ అని ఓటీపీ అడిగారు, 24 వేలు పోయాయి

ప్రశ్న: ఫేస్‌బుక్‌లో గద్వాల పట్టుచీర ప్రకటన చూసి, ఆ వెబ్‌సైట్‌లో యూపీఐతో రూ.1,899 కట్టాను. చీర రాలేదు. నిన్న ఎవరో ఫోన్ చేసి, స్టాక్ లేదు, రీఫండ్ ఇస్తామంటూ లింకు పంపారు. అందులో డెబిట్ కార్డు వివరాలు, ఓటీపీ కొట్టగానే ఖాతాలోంచి రూ.24,000 పోయాయి. డబ్బు వెనక్కి వస్తుందా? ఇక ఆన్‌లైన్‌లో కొనడం మానేయాలా?
– ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: ముందుగా చేయాల్సిన పని మీ ఉత్తరం అందగానే ఈమెయిల్‌లో రాశాను. మిగతావారి కోసం ఇక్కడా చెబుతున్నాను. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, కార్డు బ్లాక్ చేయించాలి, బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోవాలి. మోసగాళ్లు ఆ సొమ్మును గంటల్లోనే నాలుగైదు ఖాతాలు మారుస్తారు. 1930లో ఫిర్యాదు నమోదైతే, ఇంకా ఏ ఖాతాలో ఎంత మిగిలి ఉందో అంతవరకు ఆపగలుగుతారు. ఎవరికీ తెలియకూడదని ఒక రాత్రి ఊరుకుంటే ఆ కాస్తా దాటిపోతుంది. మోసపోయినందుకు మీరు సిగ్గుపడాల్సిన పని లేదమ్మా.

ఇప్పుడు మీ రెండు నష్టాలనూ విడివిడిగా చూద్దాం. రూ.24,000 విషయంలో, ఓటీపీ మీరే ఇచ్చారు కాబట్టి అది మీ నిర్లక్ష్యమేనని బ్యాంకు వాదించవచ్చు. రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు పొరపాటు వల్ల పోయిన సొమ్ము ఫిర్యాదు చేసేవరకు ఖాతాదారుదే భారం. ఫిర్యాదు చేశాక కూడా ఖాతాలోంచి పోతే అది బ్యాంకు భరించాలి. అందుకే ఫిర్యాదు చేసిన సమయం రుజువుతో సహా మీ దగ్గర ఉండాలి. ఇక చీర డబ్బు మీరే పిన్ కొట్టి పంపారు. అదే క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, సరుకు అందలేదని బ్యాంకులో చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన సొమ్ము వెనక్కి ఇప్పించమని అడిగే దారి ఉండేది. ముక్కూమొహం తెలియని దుకాణానికి యూపీఐతో ముందే డబ్బు పంపవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

దొంగ సైటును పట్టుకోవడానికి అడ్రస్ బార్‌లోని తాళం గుర్తు పనికిరాదు. ఆ గుర్తు దొంగ సైట్లకూ ఉంటుంది. నేనైతే కింద ఉండే ‘రిటర్న్ పాలసీ’ పేజీ పూర్తిగా చదువుతాను. వేరే సైటు నుంచి ఎత్తి అతికించినప్పుడు, మధ్యలో ఎక్కడో పాత కంపెనీ పేరు అలాగే మిగిలిపోతుంటుంది. ‘ఆఫర్ ఇంకా 14 నిమిషాలే’ అని గడియారం తిరుగుతుంటే పేజీని రిఫ్రెష్ చేయండి, చాలాసార్లు అది మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. జీఎస్టీ నంబరు ఇచ్చి ఉంటే జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడండి. మొదటి రెండు అంకెలు తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. గద్వాల నుంచి నేరుగా పంపుతున్నామనే వాడి నంబరు ఇంకో రాష్ట్రానిదై, ఇంకెవరి పేరో చూపిస్తే అక్కడితో ఆగిపోండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సంస్థ అసలు పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు సైటులో ఉండి తీరాలి. ఒక్క వాట్సాప్ నంబరే ఉంటే అది దుకాణం కిందికి రాదు.

అన్నిటికంటే తేలికైన పరీక్ష పిన్ కొట్టే ముందు తెరమీదే ఉంటుంది. డబ్బు ఎవరికి వెళ్తోందో అక్కడ పేరు కనిపిస్తుంది. చీరల దుకాణానికి కడుతుంటే ఎవరో తెలియని వ్యక్తి పేరు వచ్చిందా, వెనక్కి వచ్చేయండి. డబ్బు మనకు రావడానికి పిన్ గానీ ఓటీపీ గానీ ఎప్పుడూ అక్కర్లేదు.

ఆన్‌లైన్ కొనుగోళ్లు మానేయనక్కర్లేదు. కొనుగోళ్లకని వేరే పొదుపు ఖాతా తెరిచి, అందులో నెలకు రెండుమూడు వేలే ఉంచి, యూపీఐని, డెబిట్ కార్డును దానితోనే వాడండి. ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజులు ఉండే ఖాతాను ఏ యాప్‌కూ జోడించవద్దు. ఆ ఖాతా కార్డుకు ఆన్‌లైన్ లావాదేవీలు ఆపేసే వీలు మీ బ్యాంకు యాప్‌లోనే ఉంటుంది. ఈ ఏర్పాటు ముందే ఉండి ఉంటే మీ నష్టం రెండుమూడు వేలతో ఆగేది.

చీర డబ్బు కోసం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పండి. ఇకముందు మీకు ఇంకో రకం ఫోన్లు రావచ్చు. పోయిన డబ్బు తెప్పిస్తాం, ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టండి అంటారు. మీ నంబరు ఇప్పటికే వాళ్ల జాబితాలో ఉంది కాబట్టి ఇది చెబుతున్నాను. 1930లో ఫిర్యాదుకు ఎవరూ రుసుము తీసుకోరు.