“అవసరమైతే అమ్మేస్తాను” అనే ధీమా అత్యవసర నిధి కాదు

ప్రశ్న: మాది హైదరాబాద్. నాకు 41 ఏళ్లు. జీతం చేతికి 95 వేలు వస్తుంది. హోమ్ లోన్ ఈఎంఐతో కలిపి ఇంటి ఖర్చు 70 వేలు. భార్య, ఇద్దరు పిల్లలు, నాన్న నా సంపాదన మీదే ఉన్నారు. తాతగారి మర్ఫీ రేడియోతో మొదలైన ఇష్టం పాత బ్రిటిష్ టీవీల దాకా వెళ్లింది. ఈ మధ్యే మూడున్నర లక్షల పర్సనల్ లోన్ (15 శాతం, మూడేళ్లు) తీసుకుని ఇంగ్లండ్ నుంచి బుష్ టీవీ22, ఒక మర్ఫీ టీవీ సెట్ తెప్పించాను. ఇప్పుడు హెచ్.ఎం.వి. 900 అనే పాత టీవీ ఒకటి అమ్మకానికి వచ్చింది. నా భార్య నగల మీద గోల్డ్ లోన్ తీసుకోవచ్చా? బ్యాంకులో 40 వేలున్నాయి. అవసరమైతే టీవీలు అమ్మేస్తాను.

జవాబు: వద్దు. నగలు ఇంట్లోనే ఉండనివ్వండి.

మీ ఇష్టం నాకు అర్థమైంది. గోధుమరంగు బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) పెట్టె, తొమ్మిదంగుళాల తెరతో బుష్ సెట్ చూడముచ్చటగా ఉంటుంది. హెచ్.ఎం.వి. 900లో పిక్చర్ ట్యూబ్ నిలువుగా ఉంటుంది, మూత ఎత్తితే అద్దంలో బొమ్మ కనిపిస్తుంది. అలాంటిది ఇంట్లో ఉండాలని ఎవరికి ఉండదు? కానీ మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది చివరి వాక్యం. పాత కెమెరాలు, వాచీలు సేకరించేవాళ్లూ ఇదే మాట అంటారు.

ఒక రాత్రి నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చిందనుకోండి. అడ్వాన్స్ కట్టమంటే బుష్ సెట్ ఎవరికి అమ్ముతారు? కొనేవాళ్లలో ఎక్కువమంది బ్రిటన్‌లోనే ఉన్నారు. పంపాలంటే మళ్లీ ప్యాకింగ్, రవాణా, దారిలో గాజు ట్యూబ్ పగులుతుందన్న టెన్షన్. పైగా ఈ టీవీలు అందుకునే 405 లైన్ల (బొమ్మను 405 గీతలుగా పంపే పాత పద్ధతి) ప్రసారాలు బ్రిటన్‌లోనే 1985 జనవరిలో ఆగిపోయాయి. ఇప్పటి సిగ్నల్‌ను ఆ పద్ధతిలోకి మార్చే కన్వర్టర్ లేనిదే బొమ్మ రాదు. లోపలి పేపర్ కెపాసిటర్లు (విద్యుత్తును కాసేపు నిల్వ ఉంచే చిన్న భాగాలు) వయసుతో పాడవుతాయి, వాటిని మార్చకుండా కరెంటు పెడితే మిగతా భాగాలూ దెబ్బతింటాయి. పనిచేయని సెట్‌కు మీరు అనుకున్న ధర పలకదు.

దిగుమతి సంగతి కూడా చూసుకోండి. వాడిన వస్తువులు తెప్పించడానికి మన దేశంలో ఆంక్షలున్నాయి. వందేళ్లు దాటిన పురాతన వస్తువు అనడానికీ లేదు. బీబీసీ లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి టీవీ రోజువారీ ప్రసారాలు మొదలుపెట్టిందే 1936 నవంబరులో. కస్టమ్స్ దగ్గర పెట్టె ఆగిపోతే అక్కడి ఛార్జీలు మీ నెత్తినే పడతాయి.

ఇక లెక్క. పర్సనల్ లోన్ ఈఎంఐ సుమారు 12,130. మూడేళ్లలో వడ్డీయే దాదాపు 87 వేలు. బొమ్మ రాని టీవీకి అప్పు చేసి వడ్డీ కట్టడమేంటండీ? దాని మీద ఇంకో అప్పా? ఉద్యోగం పోతే మీ 40 వేలు మూడు వారాలు కూడా రావు.

ఆరు నెలల ఖర్చు, అంటే 4.2 లక్షలు, అత్యవసర నిధిగా విడిగా ఉండాలి. ఈఎంఐ పోను మీకు మిగిలే దాదాపు 13 వేలూ జీతం పడిన రోజే రికరింగ్ డిపాజిట్‌కు వెళ్లిపోవాలి. ఇలా అయితే, ఉన్న 40 వేలతో కలిపి, రెండున్నరేళ్లు పడుతుంది. ఏటా లక్ష బోనస్ వచ్చి అదీ ఇందులోనే వేస్తే రెండేళ్లలోపే పూర్తవుతుంది. నాన్నగారికి ఆరోగ్య బీమా లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి, ప్రీమియం ఈ 13 వేలలోంచే కట్టండి, ఆ మేరకు నిధి నిండడం కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు. షేర్లు, ఫండ్లు తర్వాత చూద్దాం.

ఆ నిధి నిండాక టీవీల కోసం వేరే ఖాతా తెరవండి, అందులో ఉన్నంతే ఖర్చు పెట్టండి. హెచ్.ఎం.వి. సెట్ అమ్మే ఆయనకు మాత్రం ఈ రోజే కొనడం లేదని రాసేయండి.