అమెరికా గుడికి అర్చకుడిగా వెళ్తున్న మా తమ్ముడి కొడుక్కి

నాయనా,

మొన్న ఏకాదశి నాడు మీ అమ్మ ఫోన్ చేసింది. అమెరికాలో ఒక గుడివాళ్లు నిన్ను రమ్మన్నారని, లాయరు కాగితాలు అడుగుతున్నాడని చెప్పింది. మిర్యాలగూడ పక్క పల్లెలో వేణుగోపాలస్వామికి రోజూ దీపం పెట్టే పిల్లాడిని అంత దూరం నుంచి వెతుక్కుంటూ వచ్చారంటే నా కడుపు నిండిపోయింది. నీ ఆగమం ఎంత శుద్ధమో, నీ గొంతులో మంత్రం ఎంత నిలకడగా పలుకుతుందో నాకు తెలుసు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేచి కూర్చుంటే మీ పెద్దమ్మ ఏమైందని అడిగింది. వీడు కూడా నాలాగే నోరు మూసుకుని ఐదేళ్లు గడిపేస్తాడేమోనే అన్నాను. ఫోన్‌లో చెబితే సగం విని ‘సరే పెదనాన్నా’ అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

చిన్నవి ముందు చెప్పేస్తా. పాస్‌పోర్టులో, ఆధార్‌లో, వేద పాఠశాల సర్టిఫికెట్‌లో పేరు ఒక్కలాగే ఉండాలి. వీసా దరఖాస్తు ఫారం, అదే డీఎస్-160, ఎవరితో నింపించినా చివరికి నువ్వే ప్రతి లైను చదువు. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్ ఇంటర్వ్యూకి పంచె కట్టుకునే వెళ్లు, అడిగినదానికి జవాబు చెప్పు, అబద్ధం ఒక్కటి కూడా వద్దు.

కాగితాల్లో ఒకటి మాత్రం నీకు కష్టమవుతుంది. మతసేవకు వెళ్లేవాళ్లకు ఇచ్చే ఆర్-1 వీసాకు నువ్వు కనీసం రెండేళ్లుగా ఈ సంప్రదాయంలో ఉన్నావని చూపాలి. గ్రీన్ కార్డు కోసం వేసే ఐ-360 పిటిషన్‌కైతే దానికి ముందు రెండేళ్లు ఎడతెగకుండా అర్చకత్వం చేశావని కూడా చూపాలి. ఇక్కడ చేసిన సేవ కూడా లెక్కలోకి వస్తుంది. కానీ మనకు జీతం చీటీ ఎక్కడిది? యాసంగికి వడ్లు, పండక్కి పంచెల చాపు, పళ్లెంలో చిల్లర. నీకు సర్కారు ఇచ్చే ధూప దీప నైవేద్యం పథకం డబ్బులు వస్తాయి కదా, 2023లో నెలకు 6,000 నుంచి 10,000 చేశారే, అవి బ్యాంకులో పడతాయి. ఆ స్టేట్‌మెంటు మొత్తం ఇప్పుడే తీయించు. పాఠశాల గురువుగారి నుంచి ఉత్తరం, ఊరి పెద్దల నుంచి ఉత్తరం, తేదీలతో సహా రాయించు. ఎల్లుండి అనకు, ఈ వారమే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. దీన్ని తొందరపడకుండా చదువు.

నేను కూడా నీలాగే అమెరికా గుడికి 2010 ఫిబ్రవరిలో వెళ్లాను. ఆర్-1 మొదట 30 నెలలు ఇస్తారు, ఆ తర్వాత ఇంకో 30 నెలలు పొడిగిస్తారు, మొత్తం ఐదేళ్లు. ఇప్పటికీ అంతే. 2012లో పొడిగింపు వచ్చినప్పుడు బోర్డు ప్రెసిడెంటు నా భుజం మీద చెయ్యి వేసి, గ్రీన్ కార్డు సంగతి మాకు వదిలేయండి అయ్యగారూ, ఫైల్ చేయిస్తాం అన్నాడు. చాలా మంచి మనిషి. ఒక సాయంత్రం ఫారాలు తెచ్చి సంతకాలు కూడా పెట్టించుకున్నాడు. నేను ఇంటికొచ్చి మీ పెద్దమ్మతో మన పని అయిపోయిందే అని చెప్పాను. ఆ తర్వాత రెండేళ్లు ఒక్కసారి కూడా అడగలేదు. ఎందుకు అడగలేదంటావా? మనం చిన్నప్పటినుంచి చెయ్యి చాచి ఇచ్చింది తీసుకున్నవాళ్లమే గాని, ఏది ఎక్కడిదాకా వచ్చిందని నోరు తెరిచి అడిగినవాళ్లం కాదు. పెద్దమనిషి మాట ఇచ్చాక మళ్లీ అడిగితే నమ్మకం లేనట్టు ఉంటుందనుకున్నా. నాకు అది మర్యాద అనిపించింది.

2014లో వినాయక చవితి అయిపోయాక ఆఫీసు గదిలో పాత కల్యాణం టికెట్ల పుస్తకాల కోసం సొరుగు లాగాను. అడుగున ఒక పసుపుపచ్చ కవరు ఉంది, దాని మీద నా పేరు. లోపల నా సంతకాలు పెట్టిన ఫారాలు, వాటికి క్లిప్పుతో పెట్టిన చెక్కు, చెక్కు మీద సంతకం లేదు. ఎవరూ పంపలేదు బిడ్డా. అక్కడ బోర్డు రెండేళ్లకోసారి మారేది. పాతాయన ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్లిపోయాడు, కొత్తవాళ్లకు ఈ సంగతే తెలియదు. నిల్చున్నవాణ్ని అలాగే నేలమీద కూర్చున్నా. నాకు మిగిలింది ఆరు నెలలు. అప్పుడు వేసినా ముందు ఐ-360 ఆమోదం కావాలి, ఆ తర్వాతే గ్రీన్ కార్డు దరఖాస్తు, ఆరు నెలల్లో అయ్యే పని కాదు. కొత్త బోర్డు అప్పటికే ఇంకో అర్చకుడికి మాట ఇచ్చేసింది. ఐదేళ్లు నిండినవాళ్లు ఏడాది బయట ఉండి గాని మళ్లీ ఆర్-1 మీద రాకూడదన్న నిబంధన అప్పట్లో ఉండేది. ఫిబ్రవరి 2015లో నాలుగు పెట్టెలతో నల్లగొండకు తిరిగొచ్చాం.

మా అమ్మాయి, మీ అక్క, అప్పుడు ఎనిమిదో తరగతి, సంవత్సరం మధ్యలో. స్కూల్లో లాకర్‌కు వేసుకునే చిన్న నంబర్ల తాళం చేతిలో పట్టుకుని విమానం ఎక్కింది. రామగిరిలో మన ఇంటి అరుగు మీద కూర్చుని ఆ అంకెలు తిప్పుతూ, తెరుస్తూ, మళ్లీ వేస్తూ ఉండేది. తెలుగు మీడియం బడిలో ఒత్తులు రాయడం రాక ఎన్నిసార్లు ఏడ్చిందో మీ అమ్మనడుగు. నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇది ఇంతసేపు ఎందుకు చెప్తున్నానంటే, నా రోజుల్లో మనవాళ్లకు ఈబీ-4 లైను, అంటే మనలాంటి వాళ్ల గ్రీన్ కార్డు వరుస, ఖాళీగా ఉండేది. నెలనెలా వచ్చే వీసా బులెటిన్‌లో ‘సి’ అక్షరం ఉండేది, అంటే వేసినవాళ్లకు వేసినట్టే. అంత ఖాళీ దారిలోనే నేను పోగొట్టుకున్నా. ఇప్పుడు అలా లేదు. ఏడాదికి దాదాపు 9,940 వీసాలే, అందులోనే అర్చకులు, పాస్టర్లు, ఫాదర్లు, తల్లిదండ్రులు వదిలేసిన పిల్లలు, ఇంకా కొన్ని వర్గాలు. 2023లో ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా, హోండురస్ దరఖాస్తులకు, ఎక్కువగా అలాంటి పిల్లలవే, ఉన్న వేరే వరుసను తీసేసి అందరినీ ఒకే వరుసలో కలిపారు. యాదగిరిగుట్టలో ప్రత్యేక దర్శనం క్యూను తెచ్చి ధర్మదర్శనం క్యూలో కలిపితే ఎలా ఉంటుందో అలా అయింది. వాళ్లూ దిక్కులేని బిడ్డలే, వాళ్లమీద కోపం పెట్టుకోకు. 2025లో ఫిబ్రవరి చివరికల్లా, అక్కడ అక్టోబరుతో మొదలయ్యే ఆ ఏడాది కోటా అయిపోయి అక్టోబరు దాకా ఒక్కటీ ఇవ్వలేదు. ఆ అక్టోబరు బులెటిన్‌లో ఉన్న తేదీ 2020 జులై 1. అంటే ఐదేళ్ల కిందట వేసినవాళ్ల వంతు. మన వీసా గడువు కూడా ఐదేళ్లే, లెక్క చూసుకో.

ఆ వరుసలో నీ స్థానం ఐ-360 వేసిన రోజుతో మొదలవుతుంది. అందుకే అక్కడ కాలు పెట్టిన మొదటి నెలలోనే అడుగు. ‘వేశాం’ అంటే సంతోషించి ఇంటికి రాకు. రసీదు నోటీసు కాపీ ఇమ్మను. దాని మీద మూడు అక్షరాలు, పది అంకెలు ఉంటాయి, ఆ నంబరు కొట్టి ఎక్కడిదాకా వచ్చిందో నీ ఫోన్‌లోనే చూసుకోవచ్చు. అది నీ చేతికి వచ్చేదాకా ప్రతి నెలా అడుగు, విసుక్కున్నా అడుగు. బోర్డు మారితే కొత్త ప్రెసిడెంటుకు దండం పెట్టి మొదటి మాట అదే చెప్పు. పిటిషన్‌లో నీ పని అర్చకుడనే ఉందా, వేరే సహాయక పనిలా రాశారా చూడు. అర్చకులు కాని మతసేవకుల విభాగం అక్కడి కాంగ్రెస్ ఎప్పటికప్పుడు పొడిగిస్తేనే నడుస్తుంది, గడువు తీరితే ఆగిపోతుంది.

కొంచెం ఊరట ఏమంటే, ఆ ఏడాది బయట ఉండాలన్న నిబంధన 2026 జనవరిలో తీసేశారు. ఐదేళ్లు నిండితే దేశం దాటి బయటికి రావడం మాత్రం తప్పదు, మళ్లీ పిటిషన్, మళ్లీ వీసా. కాని పిల్లాడి బడి ఏడాది పోకుండా చూసుకోవచ్చు. ఇంకోటి, మధ్యలో ఇండియాకు వచ్చి ఉన్న రోజులు ఆ ఐదేళ్లలో లెక్కకు రావు, బోర్డింగ్ పాసులు పారేయకు. నువ్వు అక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది వీసా స్టాంపు కాదు, ఆ దేశంలో అడుగుపెట్టినప్పుడు ఇచ్చే ఐ-94 రికార్డు మీది తేదీ. దాన్ని పూజగదిలో క్యాలెండర్ మీద రాసిపెట్టు.

ఎవరో పక్క ఊరినుంచి గృహప్రవేశానికి పిలుస్తారు, నూరు డాలర్లు చేతిలో పెడతామంటారు. వెళ్లకు. పిలిపించిన గుడికి తప్ప ఇంకెవరికీ పని చేయడానికి ఆ వీసా ఒప్పుకోదు. ఎవరింట్లో వ్రతమైనా గుడి కౌంటర్‌లో బుక్ చేయమని చెప్పు, డబ్బు కూడా గుడికే కట్టమను. జీతం బ్యాంకులోనే వేయమను.

ఇక కోడలి సంగతి. ఆమె బి.ఎడ్. చేసి ప్రైవేటు స్కూల్లో చెప్తోంది, పిల్లలంటే ప్రాణం. ఆర్-2 మీద వచ్చిన భార్యకు అక్కడ ఉద్యోగం చేసే హక్కు లేదు. మీ పెద్దమ్మ ఐదు శీతాకాలాలు కిటికీ పక్కన కూర్చుని గడిపింది, నేను పొద్దున ఐదింటికి గుడికి వెళ్తే రాత్రి తొమ్మిదికి వచ్చేవాణ్ని. ఈ మాట నువ్వు ఆమెకు చెప్పావా? చెప్పి ఉండవు, నీ మొహం నాకు తెలుసు. చెప్పి, ఆమె సరేనంటేనే టికెట్ కొను.

కోప్పడ్డానని అనుకోకు. నువ్వు వెళ్లాలి నాయనా, నా దగ్గర సంధ్యావందనం నేర్చుకున్న పిల్లాడు అంత పెద్ద గుడిలో స్వామికి తిరుమంజనం చేస్తుంటే ఫోన్‌లోనైనా చూడాలని ఉంది. నా పాత ఫైలు, ఆ పసుపుపచ్చ కవరుతో సహా, బీరువాలోంచి తీసిపెట్టా. ఆదివారం పొద్దున బస్సుకు రా, కోడలిని కూడా తీసుకురా. లాయరు అడిగిన కాగితాలన్నీ పట్టుకురా, ఇద్దరం ఒక్కొక్కటీ చూద్దాం. కోడలితో మీ పెద్దమ్మ విడిగా మాట్లాడుతుందట.

మీ పెదనాన్న
నల్లగొండ