ఫిలిప్పీన్స్ సాహిత్యం చదవాలంటే రిజాల్‌ను కాసేపు పక్కన పెట్టండి

తులనాత్మక సాహిత్యంలో ఒక వ్యాసం రాయాలి, హోసె రిజాల్ నవలలు రెండూ ఇంగ్లిషు అనువాదంలో చదివాను, ఇక ఫిలిప్పీన్స్ సాహిత్య చరిత్ర, ప్రక్రియలు, విమర్శ ధోరణులు ఏ వరుసలో చదివితే పట్టు చిక్కుతుంది అని అడిగారు. నేను సాహిత్యం పాఠం చెప్పేవాణ్ని కాను. ఉద్యోగం కోసం మనీలాలో కొన్నేళ్లు ఉన్నాను. తగలోగ్ భాషను ముందు బజారు అవసరానికి నేర్చుకున్నాను, తర్వాత పద్యాల మీద ఇష్టంతో కొనసాగించాను. ఇది ఒక పాఠకుడి సలహాగానే తీసుకోండి.

మీకు దొరికే సాహిత్య చరిత్రల్లో చాలావరకు ఒకే మూసలో ఉంటాయి: స్పెయిన్ రాకముందు, స్పెయిన్ పాలన, అమెరికా పాలన, జపాన్ ఆక్రమణ, స్వాతంత్ర్యం తర్వాత. పరీక్షకు అది చాలు. కానీ ఆ వరుసలో చదివితే, గద్దె మీద ఎవరుంటే వాళ్లకు జవాబు చెప్పుకోవడమే అక్కడి రచయితల పని అని తెలియకుండానే నమ్మేస్తాం. నా మాట వింటే పాలకులను వదిలి ప్రక్రియలను పట్టుకోండి. ఒక పద్యరూపం ఎవరి చేతిలో మొదలై, ఎవరి నోట పడి, ఎలా వేషం మార్చుకుందో చూడండి. కాలక్రమం దాని వెనకే వస్తుంది.

అందుకు పస్యోన్‌ను మించిన మొదలు లేదు. క్రీస్తు శ్రమలను పద్యాల్లో చెప్పే దీర్ఘకావ్యం ఇది. పాదానికి ఎనిమిది అక్షరాలు, పద్యానికి ఐదు పాదాలు. గాస్పర్ అకీనో దె బెలెన్ అనే తగలోగ్ కవి 1704 ప్రాంతంలో దీన్ని రాశాడు. 1814లో వచ్చిన మరో పస్యోన్ దానికన్నా ఎక్కువగా జనంలోకి వెళ్లింది, ఈనాటికీ ఎక్కువగా పాడేది దాన్నే. గుడ్ ఫ్రైడేకు ముందు రోజుల్లో వీధుల్లో పాడతారు, ఆ గానాన్ని పబాసా అంటారు. మేముండే సందులో ప్లైవుడ్, రేకులతో పందిరి వేసి, లోపల ఒక బలిపీఠం, బల్ల మీద రెండు మైకులు పెట్టేవారు. అట్టలూడిన పుస్తకంలో వేలితో వరస పట్టుకుని ముసలమ్మలు వంతులవారీగా పాడేవారు. ఒకరికి దగ్గొస్తే పక్కామె అదే పాదం నుంచి అందుకునేది, గానం మాత్రం ఆగేది కాదు. రాత్రి పొద్దుపోయాక కుర్రాళ్లు గిటారు తెచ్చి అవే పద్యాలను సినిమా పాటల బాణీలో లాగించేవారు, పెద్దలెవరూ అడ్డు చెప్పేవారు కాదు. మధ్యమధ్యలో కాఫీ, బిస్కట్లు, వేడి వేడి నూడుల్స్. లౌడ్‌స్పీకరు వల్ల నిద్ర ఉండేది కాదు, అది వేరే సంగతి.

ఇంత చెప్పింది ఎందుకంటే మీరడిగిన విమర్శ ధోరణులకు గుమ్మం ఇక్కడే ఉంది. రెనాల్దో ఇలెతో అనే చరిత్రకారుడు 1979లో 'పస్యోన్ అండ్ రెవల్యూషన్' అనే పుస్తకం వేశాడు. ముందు అది ఒక సంఘటనతో మొదలవుతుంది. 1967 మే నెలలో మనీలాను ఆనుకుని ఉన్న పసాయ్‌లో, తాఫ్ట్ అవెన్యూ మీద, లపియాంగ్ మలయా అనే సంఘానికి చెందిన పల్లెటూరి జనం తాయెత్తులు కట్టుకుని బోలో కత్తులతో సాయుధ పోలీసులకు ఎదురు నిలిచారు. 33 మంది చనిపోయారు. పత్రికలు వాళ్లను పిచ్చివాళ్లుగా కొట్టిపారేశాయి. ఇలెతో మాత్రం వాళ్ల ఆలోచన ఏ భాషలో నడిచిందని అడిగాడు. ఏటేటా పాడుతున్న పస్యోనే పేదవాడికి కష్టం, త్యాగం, వెలుగు, విముక్తి అనే భావాలను ఒక వరసలో పేర్చి ఇచ్చిందనీ, 1840ల నాటి మత ఉద్యమం నుంచి స్పెయిన్ మీద 1896లో లేచిన విప్లవం దాకా జనం తమ తిరుగుబాటును ఆ భాషలోనే అర్థం చేసుకున్నారనీ వాదించాడు. జనాన్ని లొంగదీయడానికి మతగురువులు అచ్చువేయించిన పుస్తకమే తిరుగుబాటుకు మాటలిచ్చిందన్నమాట. ఇలెతోను అందరూ ఒప్పుకోలేదు. వర్గ ప్రయోజనాలను పట్టించుకోలేదని, పాటల నుంచి ప్రజల మనసును ఇంత ధీమాగా చదవడం ఎలా కుదురుతుందని సాటి చరిత్రకారులే నిలదీశారు. ఆ అభ్యంతరాల్లో బలముంది. అయినా పబాసా విన్నవాడికి ఈ పుస్తకం పట్టినట్టు మరొకటి పట్టదు.

తర్వాతి మెట్టు అవిత్, కొరీదో. రెండూ రాజులు, రాకుమారులు, దూరదేశాల కథాకావ్యాలే. అవిత్‌లో పాదానికి పన్నెండు అక్షరాలు, కొరీదోలో ఎనిమిది. పాఠశాలల్లో చాలా ఏళ్లుగా ఏడో తరగతికి 'ఇబొంగ్ అదర్నా' అనే కొరీదో, ఎనిమిదో తరగతికి ఫ్రాన్సిస్కో బలగ్తాస్ 1838లో వెలువరించిన అవిత్ 'ఫ్లోరాంతె అట్ లౌరా', తొమ్మిది, పది తరగతులకు రిజాల్ నవలలు పాఠ్యాంశాలు. మా ఇంటివాళ్ల అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఫ్లోరాంతెను భోజనాల బల్ల మీద వేళ్లతో కొడుతూ కంఠతా పట్టేది. ఆరు అక్షరాలు, ఒక చిన్న విరుపు, మళ్లీ ఆరు. అది వింటూ నేనూ లెక్క నేర్చుకున్నాను. అక్కడ గురులఘువుల గొడవ లేదు. ప్రాస మనకు రెండో అక్షరంలో ఉంటే వాళ్లకు పాదం చివర ఉంటుంది, నాలుగు పాదాలకూ ఒకటే ప్రాస. చిక్కంతా ఒకచోట ఉంది. అచ్చుతో ముగిసే రెండు మాటలు మన చెవికి ఒకేలా వినిపించినా, చివర గొంతు బిగిసే మాటకూ బిగియని మాటకూ వాళ్ల లెక్కలో ప్రాస కుదరదు. నేను కుదిరిందనుకున్న ప్రతిసారీ ఆ పిల్ల తల అడ్డంగా ఊపేది. రిజాల్ కూడా ఈ తగలోగ్ ఛందస్సు మీదే 1887లో బెర్లిన్ పండితుల ముందు ప్రసంగించాడు. ఆయనను నవలాకారుడిగానే తెలిసినవారికి ఇది కొత్తగా ఉంటుంది.

కథ అల్బేనియాలో జరుగుతుంది. చీకటి అడవిలో చెట్టుకు కట్టేసి ఉన్న ఫ్లోరాంతె మీదికి రెండు సింహాలు వస్తుంటే, శత్రుమతానికి చెందిన పర్షియా రాకుమారుడు అలాదిన్ వచ్చి కాపాడతాడు. పరాయి దేశం పేరుతో కవి తన దేశాన్నే చెప్పాడని, ద్రోహులు ఏలుతున్న రాజ్యమంటే స్పెయిన్ ఏలుబడేనని ఒక తరం విమర్శకులు చదివారు. మరీ అంత బిగించనక్కర్లేదని, ఆనాటి యూరప్ వీరగాథల సంప్రదాయంలోనే చూడాలని ఇంకొందరు అంటారు. నాకైతే మొదటి పఠనమే బలంగా అనిపిస్తుంది. విప్లవ నాయకుడు అపొలినారియో మబిని అమెరికన్ల బందీగా గ్వామ్ దీవిలో ఉండగా ఈ కావ్యాన్ని జ్ఞాపకం నుంచే రాసిపెట్టాడు. ఉత్త ప్రేమకథైతే అంత శ్రమ ఎవరు పడతారు?

బలగ్తాస్ పేరు మీదే బలగ్తాసన్ పుట్టింది. ఇద్దరు కవులు వేదిక మీద పద్యాల్లో వాదించుకోవడం, మధ్యలో ఒక సభాపతి ఉండటం, అదీ దాని తీరు. మొదటిది 1924 ఏప్రిల్ 6న మనీలాలో జరిగింది. ఒక పువ్వు కోసం సీతాకోకచిలుకగా హోసె కొరజోన్ దె హెసూస్, తుమ్మెదగా ఫ్లోరెంతీనో కొల్యాంతెస్ తలపడ్డారు. మన అవధానం గుర్తుకొచ్చే మాట నిజమే, కానీ ఇది ధారణ పరీక్ష కాదు, సూటిగా వాదన. జనం విరగబడి వచ్చేవారు. 'బాయన్ కొ' దేశభక్తి గీతం సాహిత్యం ఆ కొరజోన్ దె హెసూస్‌దే. 1986లో నియంత మార్కోస్‌ను దించిన ఉద్యమంలో వీధి వీధినా పాడింది దాన్నే.

ఆధునికులకు ఈ వైభవమంతా డప్పుమోతలా వినిపించింది. అలెహాంద్రో అబదిల్యా అనే కవి 1940లో ప్రాసను, పాదాల లెక్కను తోసేసి 'నేనే లోకం' అనే కవిత రాశాడు. ఈ రెండు పాయల మధ్య పోరుగానే ఇరవయ్యో శతాబ్దపు తగలోగ్ కవిత్వాన్ని విర్హీలియో అల్మారియో 1984లో 'బలగ్తాసిస్మో వర్సస్ మొదెర్నిస్మో'లో చదివాడు. తగలోగ్ వచ్చినవారికి తప్పనిసరి పుస్తకం, రానివారికి ఎవరితోనైనా కూర్చుని చదివించుకునే విలువ ఉన్నది.

ఇంగ్లిషులో రాసేవారి మధ్య ఆ 1940 ప్రాంతంలోనే ఇంకో గొడవ నడిచింది. కళ కళ కోసమే అన్నవాడు హోసె గార్సియా విల్యా. సమాజాన్ని వదిలేసిన సాహిత్యం ఎందుకు అన్నవాడు సాల్వదోర్ లోపెజ్. ఆయన 'లిటరేచర్ అండ్ సొసైటీ' వ్యాసాలకు 1940లో అప్పటి ఫిలిప్పీన్స్ కామన్‌వెల్త్ ప్రభుత్వ సాహిత్య బహుమతి దక్కింది. ఈ వాదం మన పాఠకులకు కొత్తది కాదు కాబట్టి త్వరగా దాటేయండి. యుద్ధం తర్వాత విశ్వవిద్యాలయాల్లో అమెరికా నుంచి వచ్చిన నవ్య విమర్శ స్థిరపడింది. దుమగెతె నగరంలో తియెంపో దంపతులు 1962లో మొదలుపెట్టిన రచయితల శిబిరం దానికి పెద్ద కేంద్రం. కవితను కాగితం మీద పెట్టి అంగుళం అంగుళం చదవడం వాళ్లు బాగా నేర్పారు. కానీ పస్యోన్‌ను ఆ కొలబద్దతో కొలిస్తే పునరుక్తి తప్ప మరేమీ కనిపించదు.

ఈ చిక్కును విప్పినవారిలో నాకు ఎక్కువ ఇష్టమైనవాడు బియెన్‌వెనీదో లుంబేరా. అమెరికాలో చదివొచ్చి, 1570 నుంచి 1898 దాకా తగలోగ్ కవిత్వం ఎలా మారిందో తవ్వి తీశాడు. స్పానిష్ రూపాలు వచ్చి దేశీయ రూపాలను ఊడ్చేశాయన్న కథను ఆయన ఒప్పుకోలేదు. ఏడు అక్షరాల పాత పాదం, సామెతల పోలికలు కొత్త రూపాల్లోకి ఎలా దూరాయో ఒక్కొక్క పద్యంతో చూపించాడు. మార్కోస్ సైనిక పాలనలో 1974లో జైలుకు వెళ్లాడు, 1993లో మెగసెసే అవార్డు అందుకున్నాడు. మీరు ఒక్క విమర్శకుణ్నే చదవగలిగితే ఆయన్ను చదవండి.

తెలుగువాళ్లకు ఇంకో కొక్కెం ఉంది. అదే లుంబేరా 1980లో 'రామ హరి' అనే సంగీత నృత్య నాటకానికి సాహిత్యం రాశాడు, రయాన్ కయాబ్యాబ్ సంగీతం. అంతకన్నా పాతది దక్షిణాన ఉన్న మిందనావో దీవిలోని మరనావ్ ముస్లింల 'మహారాదియా లావానా'. హువాన్ ఫ్రాన్సిస్కో అనే పండితుడు 1960ల చివర్లో దీన్ని వెలికితీశాడు. ఇందులో రావణుడు లావానా, సీత తిహాయా. మన హనుమంతుడి పాత్ర పేరేమో లక్సమానా!

ఇది చూడగానే మన రామాయణమే అక్కడిదాకా వెళ్లిందని మురిసిపోతూ వ్యాసం రాయకండి, అలాంటివి ఇప్పటికే బోలెడున్నాయి. ఇస్లాం, మలయ్ కథలు కలిసిన సమాజంలో రాముడి కథకు ఏ పని పడింది, తమ్ముడి పేరు కోతికి ఎలా వెళ్లింది అని అడగండి. అప్పుడు మరనావ్‌ల 'దరంగెన్', ఇఫుగావోల 'హుద్‌హుద్' వంటి మౌఖిక కావ్యాలూ, ఇలోకానో, సెబువానో భాషల సాహిత్యాలూ తప్పనిసరిగా చదవాల్సి వస్తుంది. ఫిలిప్పీన్స్ సాహిత్యమంటే తగలోగ్, ఇంగ్లిషు అనుకునే అలవాటు మనీలా విమర్శకుల్లోనే కావలసినంత ఉంది.

ఇక రిజాల్. 1956 నాటి చట్టంతో ఆయన రచనలు అక్కడి విద్యార్థులకు తప్పనిసరి అయ్యాయి. చర్చి గట్టిగా అడ్డుకున్నా చట్టం నిలిచింది. 'నోలి మె తాంగెరె' 1887లో బెర్లిన్‌లో, 'ఎల్ ఫిలిబుస్తెరిస్మో' 1891లో గెంట్‌లో అచ్చయ్యాయి, రెండూ స్పానిష్‌లోనే. పస్యోన్, ఫ్లోరాంతె అయ్యాక వాటిని మళ్లీ తెరవండి. ముందు మీకు మలుపుల్లా అనిపించిన నాటకీయ ఘట్టాలు కొన్ని ఈసారి అవిత్ చదివిన చెవికి వేరుగా వినిపిస్తాయి. ఆ తర్వాత వారపత్రిక 'లివాయ్‌వాయ్'లో ధారావాహికలుగా వచ్చిన నవలలకు వెళ్లండి. ఎడ్గార్దో రెయెస్ రాసిన 'స మ్గా కుకో నంగ్ లివానగ్' 1966, 67ల్లో అందులోనే వచ్చింది. పల్లె నుంచి మనీలాకు వచ్చి కూలిపనుల్లో నలిగిన కుర్రాడి కథ. అనువాదం దొరక్కపోతే లీనో బ్రోకా 1975లో తీసిన సినిమాతోనైనా మొదలుపెట్టండి.